అమ్మ నొప్పికి లెక్క ఎలా కడతారు? రోడ్డు ప్రమాద పరిహారంలో ‘నొప్పి, బాధ’ పద్దు గురించి

వెన్నెలవాకిలి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 54 ఏళ్లు. పదకొండు నెలల క్రితం రోడ్డు వారగా నడిచి వస్తుంటే వెనక నుంచి కారు ఢీకొట్టింది. కుడి తొడ ఎముక రెండు చోట్ల విరిగింది, అదే కాలి మోకాలి చిప్ప పగిలింది. రెండు ఆపరేషన్లు చేసి తొడలో రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడు చేతికర్ర సాయంతో ఇంట్లో తిరుగుతోంది. కారుకు బీమా ఉంది. పోలీసులు డ్రైవరు మీద చార్జిషీటు వేశారు. నాలుగో నెలలోనే, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశాం. వచ్చే నెల అమ్మ సాక్ష్యం.

పిటిషన్ నకలు నిన్న మొదటిసారి నిదానంగా చదివాను. ఆసుపత్రి బిల్లులు, మందులు, ఆటో ఖర్చులు, మనిషిని పెట్టుకున్న ఖర్చు, అన్నింటికీ రసీదులు ఉన్నాయి. చివరి వరుసలో ‘నొప్పి, బాధ’ అని రాసి, ఎదురుగా లక్ష రూపాయలు వేశారు. ఈ లక్ష ఎలా వచ్చిందని మా వకీలు గారిని అడిగితే, “మామూలుగా అంతే వేస్తామమ్మా” అన్నారు. ఆయన మంచివారే. కానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. మొదటి ఆపరేషన్ అయిన మూడో రోజు కట్టు మార్చేటప్పుడు అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్ల గాట్లు వారం రోజులు నా చేతి మీద ఉన్నాయి. ఆ వరుస చూడగానే నాకు ఆ గాట్లే గుర్తొచ్చాయి.

ఇంకో భయం కూడా ఉంది. అమ్మను ఎవరు పలకరించినా “బాగానే ఉన్నాను” అంటుంది. డాక్టరు అడిగినా అదే మాట. ఆసుపత్రి కాగితాల్లో రెండు చోట్ల ‘నొప్పి తగ్గిందని రోగి చెప్పారు’ అని రాసి ఉంది. రేపు బోనులో నిలబడి కూడా అలాగే అంటే మా గతి ఏమిటి?

పాతవకీలు

అమ్మా, ఈ కేసుల్లోనే ఇరవై ఏడేళ్లు గడిపాను, ఎక్కువగా గాయపడినవారి తరఫున. మీ ప్రశ్న సరైనది. చాలామంది ఈ వరుసను చూడను కూడా చూడరు.

ముందు ఆధారం చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం 168వ సెక్షన్ ట్రిబ్యునల్‌ను ‘న్యాయమైన పరిహారం’ నిర్ణయించమంటుంది. గాయాల కేసుల్లో ఆ న్యాయం ఏయే పద్దుల కింద చూడాలో సుప్రీంకోర్టు రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో విడదీసి చెప్పింది. 2010 అక్టోబరులో వచ్చిన తీర్పు అది. ఒక వైపు డబ్బు రూపంలో పోయినవి: చికిత్స ఖర్చు, మంచాన పడిన కాలంలో పోయిన ఆదాయం, శాశ్వత వైకల్యం వల్ల ముందు ముందు పోయే ఆదాయం, ఇకపై అయ్యే వైద్య ఖర్చు. ఇంకో వైపు డబ్బుతో కొలవలేనివి: నొప్పి, బాధ, మానసిక గాయం ఒకటి, జీవితంలో మామూలు సుఖాలు కోల్పోవడం మరొకటి, ఆయుష్షు తగ్గడం ఇంకొకటి. మీ పిటిషన్‌లో ఈ సుఖాల నష్టానికి విడిగా వరుస ఉందో లేదో చూడండి. చాలా పిటిషన్లలో దాన్ని నొప్పిలో కలిపేస్తారు, లేదా మరిచిపోతారు. ఆపరేషన్ నొప్పి వేరు, ఇక ఎప్పటికీ నేల మీద కూర్చోలేకపోవడం వేరు.

ఇక లక్ష ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఎక్కడి నుంచీ రాలేదు. మరణించిన కేసుల్లో కొన్ని పద్దులకు 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ కేసు తీర్పు స్థిరమైన మొత్తాలు పెట్టింది. గాయపడినవారి నొప్పికి అలాంటి పట్టిక లేదు. ఒకప్పుడు ఉండేది. 1994లో చట్టానికి చేర్చిన రెండో షెడ్యూలులో, తప్పు ఎవరిదో తేల్చకుండా ఇచ్చే పరిహారాలకు, తీవ్ర గాయమైతే నొప్పికి 5,000 రూపాయలు, కాకపోతే 1,000 అని అచ్చువేసి ఉండేది. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఆ ఐదు వేలు చదివి వినిపిస్తే క్లయింట్లు నా ముఖం వైపు చూసేవారు. ఆ షెడ్యూలు ఇప్పుడు లేదు. పట్టిక లేకపోవడం మీకు మేలే, కాకపోతే సాక్ష్యం ఉండాలి. సాక్ష్యం లేని చోట ‘మామూలుగా వేసే’ మొత్తమే వస్తుంది.

మౌనగీతం

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. మా నాన్నకు ఇలాగే కాలు విరిగింది. ఖర్చులు తీసుకున్నారు కానీ, “నా నొప్పిని అమ్ముకోను” అని ఆ వరుస కొట్టేయించారు. నాకు అది గౌరవంగా అనిపించింది. రసీదు ఉన్న ఖర్చు అడగడం హక్కు. నొప్పికి డబ్బు అడిగితే, ఇంకొంచెం నొప్పి ఉంటే బాగుండునన్నట్టు ఇంట్లో వాతావరణం మారిపోతుంది. మా బంధువు ఒకాయన ఇంట్లో చూశాను. కేసు తెమిలే దాకా ఆయన కర్ర వదల్లేదు.

చెక్కపని

మౌనగీతం గారూ, మీ నాన్నగారి మీద నాకు గౌరవమే. కానీ ‘అమ్ముకోవడం’ అన్న మాట నేను ఒప్పుకోను. అమ్మేవాడికి ఇష్టం ఉంటుంది, బేరం ఉంటుంది. నన్ను ఎవరూ అడగలేదు.

నేను వడ్రంగిని. ఆరేళ్ల క్రితం వ్యాను గుద్ది కుడి చేతి మూడు వేళ్లు పోయాయి. పోయిన వేళ్లు ఇప్పటికీ నొప్పి పెడతాయి. నమ్మరేమో, లేని వేలి గోటి కింద సూది గుచ్చినట్టు ఉంటుంది. డాక్టరు దానికి పేరు ఉందని, నరాలు ఇంకా మెదడుకు కబురు పంపుతూనే ఉంటాయని చెప్పే వరకు నాకు మతి చలించిందని అనుకున్నాను. ఏడాది పాటు ఇంట్లో చెప్పలేదు.

సాక్ష్యంగా కోర్టుకు ఇచ్చిన నా ప్రమాణ పత్రంలో (అఫిడవిట్) నొప్పి గురించి ఉన్నది ఒకే వాక్యం: ‘పిటిషనరు తీవ్రమైన నొప్పిని, బాధను అనుభవించెను.’ అంతే. తీర్పులో ఆ పద్దుకు నలభై వేలు వచ్చింది. జడ్జిగారిని నేను తప్పు పట్టను, ఆయన చదవడానికి అక్కడ ఏమీ లేదు. లేని వేళ్ల నొప్పి సంగతి మా వకీలుకు కూడా తెలియదు. నేనే చెప్పలేదు.

అక్కా, అమ్మగారి చేత అన్నీ చెప్పించండి.

పాతవకీలు

చెక్కపని గారి చేతి సంగతి మీదే ఒక మాట. రాజ్ కుమార్ తీర్పులో ఇలాంటి ఉదాహరణే ఉంది. ఎడమ చెయ్యి తీసేస్తే వైకల్యం అరవై శాతం వరకు అని డాక్టరు రాయవచ్చు. ఆ మనిషి డ్రైవరో, వడ్రంగో అయితే సంపాదించే శక్తి దాదాపు పూర్తిగా పోయినట్టే. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా అయితే ఉద్యోగం నిలవవచ్చు. డాక్టరు రాసే శాతం వేరు, బతుకు మీద దెబ్బ వేరు. అయితే మరో సంగతి కూడా అదే తీర్పులో ఉంది. ఆదాయ నష్టం నూటికి నూరు లెక్కగట్టి ఇచ్చినప్పుడు సుఖాలు కోల్పోయిన పద్దు కింద ఇచ్చేది నామమాత్రంగానే ఉండవచ్చు. గుమస్తా ఉదాహరణలో ఆదాయం పోకపోయినా, ఆ రెండో పద్దు కింద చూడవలసి వస్తుంది. ఒక దారి మూసుకుపోయిన చోట ఇంకొకటి తెరుచుకుంటుంది కనుక రెండూ రాయాలి.

అలాగే కాలికి నలభై శాతం అంటే ఒంటికంతా నలభై శాతం కాదు. డాక్టరు సాక్ష్యంలో రెండూ విడివిడిగా చెప్పించాలి. ఇక్కడ చాలా పిటిషన్లు దెబ్బతింటాయి.

కండరకథ

నేను ఫిజియోథెరపిస్టును. ‘నొప్పికి రుజువు ఉండదు’ అన్న మాట విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. నొప్పి కనిపించకపోయినా అది ఒంటి మీద వదిలే జాడలు కనిపిస్తాయి.

టేపుతో కొలవండి. మోకాలికి పైన ఒకే ఎత్తులో రెండు తొడల చుట్టుకొలత తీస్తే, నొప్పి వల్ల వాడని కాలు సన్నబడి ఉంటుంది. కండరం కరిగిపోవడం నటించగలిగింది కాదు. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కోణం కొలిచే పరికరంతో చూస్తాం. గొంతుకూర్చోవాలంటే మోకాలు 120 డిగ్రీలకు బాగా మించి వంగాలి. తొంభై దగ్గర ఆగిపోతే కుర్చీలో కూర్చోవచ్చు కానీ, కింద పడిన గరిటె వంగి తీసుకోవడం కష్టమే. కాలు పొట్టి అయిందా, ఎన్ని సెంటీమీటర్లు, ఇది కూడా కొలవవచ్చు. మోకాలి చిప్ప పగిలిన చోట కొన్నేళ్లకు కీలు అరుగుదల వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని ఎముకల డాక్టరు చేత రాయించండి, అది ముందు ముందు పడబోయే బాధకు ఆధారం.

ప్రతి విడతలో సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతో అడిగి రాసుకుంటాం. మీ అమ్మగారు ఫిజియోకి వెళ్లి ఉంటే ఆ కాగితాలు అడిగి తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీలో లేని సంగతులు వాటిలో ఉంటాయి.

ఇక “బాగానే ఉన్నాను” గురించి. మా దగ్గరకు వచ్చే పెద్దావిడల్లో పదిమందిలో తొమ్మిదిమంది అదే అంటారు. అబద్ధమని కాదు, ఇంట్లోవాళ్లకు భారం కాకూడదని. అందుకే నేను “ఎలా ఉంది” అని అడగడం మానేశాను. “ఇదివరకు చేసేవి, ఇప్పుడు మానేసినవి ఏమిటి” అని అడుగుతాను. నొప్పి గురించి మాట్లాడనివారు పని గురించి గంటసేపు మాట్లాడతారు. మీరు కూడా ఒక సాయంత్రం పక్కన కూర్చుని అలా అడిగి చూడండి. మధ్యలో అందుకోకండి.

వెన్నెలవాకిలి

నిన్న రాత్రి అడిగాను. కండరకథ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

మొదట “ఏమీ మానలేదే” అంది. నేను ఊరుకున్నాను. కాసేపటికి, ముగ్గు వేయడం మానేశానంది. పొద్దున్నే నాన్న గేటు తీసి పేపరు తెచ్చే లోపల ముగ్గు వేసి ఉండాలన్నది ఆమె పద్ధతి. ఇప్పుడు పక్కింటి పిల్ల వేస్తోంది, అది వంకరగా ఉంటే సరిచేయలేక లోపలికి వచ్చేస్తుందట. గుడిలో అందరూ కింద కూర్చుంటే తాను ఒక్కతే కుర్చీలో కూర్చోవాలి కనుక గుడికి వెళ్లడం మానేసింది. నేను బయటి ఊరు నుంచి వచ్చినప్పుడు వాకిట్లోకి ఎదురు రావడం లేదని నేను గమనించనే లేదు. రాత్రి రెండు గంటలకు తొడ పీకుతుంటే లేచి, లైటు వేస్తే నాన్న లేస్తారని చీకట్లోనే గోడ పట్టుకుని నడుస్తుందట. మాత్ర మింగదు, “కిడ్నీలు పాడవుతాయి” అని.

పదకొండు నెలలుగా ఒకే ఇంట్లో ఉండి ఇందులో సగం నాకు తెలియదు. ఇవన్నీ కాగితం మీద రాశాను, తేదీలు గుర్తున్న చోట తేదీలతో. తరువాత ఏం చేయాలి?

బీమాపద్దు

నేను ఒక బీమా సంస్థలో క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అవతలి గదిలో ఏం జరుగుతుందో మీకు తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

ఫైలు వచ్చినప్పుడు మేము ముందు రసీదులు కూడతాం, అక్కడ తగ్గించడానికి పెద్దగా ఏమీ ఉండదు. తరువాత వైకల్యం శాతం చూస్తాం. సర్టిఫికెట్ ఇచ్చింది చికిత్స చేసిన డాక్టరేనా, లేక ఎవరో ఒక్కసారి చూసి రాసిచ్చినదా అని. అడిగిందే తడవుగా ఇచ్చే సర్టిఫికెట్లను జాగ్రత్తగా చూడాలని సుప్రీంకోర్టే చెప్పింది. చివరికి మిగిలేది నొప్పి పద్దు. రాజీ మొత్తం తగ్గించాలంటే మొదటి కోత అక్కడే పడుతుంది, ఎందుకంటే దాని వెనక కాగితం ఉండదు. అవతలివారు కూడా దాని కోసం పట్టుబట్టరు. నా సర్వీసులో నొప్పి గురించి రెండు పేజీలు వివరంగా రాసిన ప్రమాణ పత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి వచ్చినప్పుడు మా వకీళ్లే “దీన్ని లోక్ అదాలత్‌లో తేల్చుకుంటే మేలు” అని రాసేవారు. ఇరుపక్షాల రాజీతో కేసు ముగించే వేదిక అది.

అలాగని పెంచి రాయకండి. ఒక్క అబద్ధం దొరికితే నిజాలు కూడా పోతాయి. ‘అసలు నడవలేదు’ అని రాసి, పెళ్లిలో నడుస్తున్న ఫొటో బయటపడిన కేసు నాకు గుర్తుంది. ఆమెకు నొప్పి నిజంగానే ఉంది. ‘నడిస్తే రాత్రంతా నిద్ర పట్టదు’ అని రాసి ఉంటే ఆ ఫొటో ఏమీ చేయలేకపోయేది.

నా సలహా, మంచి మొత్తం వస్తే లోక్ అదాలత్‌లో ముగించండి. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం కూడా బాధే.

పాతవకీలు

చివరి మాటతో నేను ఏకీభవించను, కనీసం ఈ దశలో. లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. 1987 న్యాయసేవల చట్టం దాన్ని అంతిమం అంటుంది. అమ్మగారి సాక్ష్యం, డాక్టరు సాక్ష్యం రికార్డు కాకముందే రాజీకి కూర్చుంటే మీ చేతిలో ఉండేవి రసీదులు మాత్రమే. సాక్ష్యం అయ్యాక కూర్చోండి, అప్పుడు అదే బల్ల మీద మాట వేరుగా ఉంటుంది. తొందరపడి సంతకం చేసి, ఆరు నెలలకు రాడ్డు తీయించే ఆపరేషన్ ఖర్చుకు అప్పు చేసినవారిని చూశాను.

వెన్నెలవాకిలి గారూ, మీరు రాసిన కాగితాన్ని మీ వకీలు గారికి ఇచ్చి, అమ్మగారి ప్రధాన విచారణ ప్రమాణ పత్రంలో ఆమె మాటల్లోనే చేర్చమనండి. ముగ్గు సంగతి ‘సుఖాలు కోల్పోవడం’ కిందకు వస్తుంది. కట్టు మార్చిన రాత్రి, రెండు గంటల నడక ‘నొప్పి, బాధ’ కిందకు వస్తాయి. ఆ రాత్రి మీరు దగ్గరున్నారు కనుక మీరూ సాక్షిగా రావచ్చు. పిటిషన్‌లో లక్ష అని ఉన్నా భయం లేదు. అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వడానికి ట్రిబ్యునల్‌కు అధికారం ఉందని సుప్రీంకోర్టు రెండు దశాబ్దాల క్రితమే తేల్చింది. అయినా సవరణ పిటిషన్ వేస్తే శుభ్రంగా ఉంటుంది.

ఎంత రావచ్చని అడుగుతారు. 2020లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, మెదడు దెబ్బతిని జీవితాంతం పసిపాపలా మిగిలిపోయిన పన్నెండేళ్ల బాలికకు నొప్పి, సుఖాల నష్టం కలిపి 15 లక్షలు ఇచ్చారు. 2024 నవంబరులో తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీకి పరిమితమైన వ్యక్తికి నొప్పి, బాధ పద్దు ఒక్కదానికే 15 లక్షలు. అమ్మగారి గాయం వాటితో పోల్చదగినది కాదు, ఆ మొత్తాలు ఆశించవద్దు. కానీ పై మెట్టు ఎక్కడుందో తెలిస్తే, లక్ష అన్నది దాటరాని గీత కాదని మీకు అర్థమవుతుంది.

లెక్కలపంతులు

నొప్పి పద్దు గురించే మాట్లాడుతున్నారు కనుక ఇంకో వరుస తప్పిపోకుండా చెబుతున్నాను. అమ్మగారు గృహిణి కదా, ‘ఆదాయ నష్టం’ కింద సున్నా వేసి ఉన్నారా? అలా వేయకూడదు. ఇంటి పనికి విలువ కట్టాలని 2021 జనవరిలోనూ సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఉదాహరణకు నెలకు 10,000 అని ట్రిబ్యునల్ అంచనా వేసిందనుకోండి. 50 నుంచి 60 ఏళ్ల మధ్య, స్థిరమైన జీతం లేనివారికి ఆదాయంలో భవిష్యత్ పెరుగుదల కింద 10 శాతం కలుపుతారు. అంటే 11,000. ఏడాదికి 1,32,000. ఏడాది మొత్తాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకెను గుణకం అంటారు. సుప్రీంకోర్టు సర్లా వర్మ తీర్పు ప్రకారం 51 నుంచి 55 ఏళ్లకు అది 11. మొత్తం 14,52,000. పని చేసే శక్తిలో నలభై శాతం పోయిందని తేలితే 5,80,800. చనిపోయిన కేసుల్లో చేసినట్టు సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేయడం గాయాల కేసుల్లో ఉండదు. పిటిషన్ తేదీ నుంచి వడ్డీ దీనికి అదనం.

వెన్నెలవాకిలి

సున్నానే ఉంది, మాస్టారూ. ‘గృహిణి, ఆదాయం లేదు’ అని రాసి ఉంది. రేపే వెళుతున్నాను.

కొత్తగావచ్చా

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా తమ్ముడిని గుద్దిన లారీ ఆగలేదు, నంబరు తెలియదు. తొడ ఎముక విరిగింది. మాకు ఇలాంటి పద్దులేవీ ఉండవా?

పాతవకీలు

వాహనం దొరకకపోతే ట్రిబ్యునల్ దారి కష్టం. చట్టం 161వ సెక్షన్ కింద గుర్తు తెలియని వాహనాల ప్రమాదాలకు ప్రభుత్వ పథకం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. అందులో నొప్పికి విడి పద్దు లేదు, అది చాలదని నాకూ తెలుసు. అయినా సీసీ కెమెరాల కోసం పోలీసుల వెంట పడండి, నెల దాటితే ఆ దృశ్యాలు చాలా చోట్ల మిగలవు. నంబరు దొరికితే, పిటిషన్ వేయడానికి ఉన్న ఆరు నెలల గడువు గుర్తుపెట్టుకోండి. ఆ గడువును సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి కానీ, వాటి మీద ఆధారపడి ఆలస్యం చేయకండి. వకీలు ఖర్చుకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవల సంస్థకు వెళ్లండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. వచ్చిన సొమ్ములో వాటా ఇవ్వమనే వకీలు దగ్గరకు మాత్రం వెళ్లకండి. అలా వాటా మాట్లాడుకోవడం మా వృత్తి నియమాలకే విరుద్ధం.

మౌనగీతం

రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నాను. నిన్న మా అమ్మకు ఫోను చేసి, నాన్న అప్పట్లో ఎలా ఉండేవారని అడిగాను. ఆరు నెలలు రాత్రిళ్లు ఆయన పక్కన కూర్చున్నది అమ్మే. “ఆయన వద్దన్నారు సరే, నన్ను ఎవరూ అడగలేదు” అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

నొప్పికి డబ్బు అడగడం గురించి నా మనసు పూర్తిగా మారిందని చెప్పను. కర్ర వదలని ఆ బంధువును మరిచిపోలేను. కానీ వెన్నెలవాకిలి గారూ, ముగ్గు సంగతి తప్పకుండా రాయించండి.

చెక్కపని

మౌనగీతం గారూ, ఆ నలభై వేలు నేను ఏం చేశానో చెబుతాను. మూడు వేళ్లు లేకుండా పట్టుకోగలిగేలా పిడులు మార్పించి, రెండు ఉలులు, ఒక చిత్రిక చేయించుకున్నాను. మిగిలిన డబ్బుతో నొప్పి డాక్టరు దగ్గర ఏడాది వైద్యం. ఆ డబ్బు నొప్పిని తీసేయలేదు. నొప్పితో బతికే వీలు కొంచెం ఇచ్చింది.

వెన్నెలవాకిలి (ఐదు వారాల తరువాత)

మొన్న అమ్మ సాక్ష్యం అయింది. సవరణ పిటిషన్ వేశాం, గృహిణి ఆదాయం చేర్చారు, సుఖాల నష్టానికి విడిగా వరుస పెట్టారు. ప్రమాణ పత్రం నాలుగు పేజీలు. మా వకీలు గారు ముగ్గు దగ్గర ఆగి, “ఇది రాయడం నాకు తట్టలేదమ్మా” అన్నారు. ఆయన మీద నాకున్న చిన్న కోపం పోయింది.

జడ్జిగారు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టించారు. బీమా తరఫు వకీలు, “ఇప్పుడు బాగానే నడుస్తున్నారు కదమ్మా?” అని అడిగారు. నా గుండె ఆగినంత పనైంది. అమ్మ అలవాటుగా “బాగానే” అని మొదలుపెట్టి, నా వైపు చూసి ఆగింది. తరువాత, “నడుస్తున్నాను బాబూ. పగలు నడిస్తే రాత్రి కూడా నడవాల్సి వస్తుంది, పడుకోనివ్వదు” అంది. జడ్జిగారు ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా రాయించారు.

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో, “రాత్రి లేస్తున్నానని మీ నాన్నకు ఇప్పుడు తెలిసిపోయింది” అంది. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి నడవాలో చిన్న దీపం వేసి ఉంచారు.

వచ్చే వాయిదాకు ఎముకల డాక్టరు సాక్ష్యం. కండరకథ గారూ, ఆయన చేత తప్పకుండా చెప్పించవలసిన కొలతలు మరోసారి రాయగలరా? మా వకీలు గారు అడగమన్నారు.

కండరకథ

రెండు తొడల చుట్టుకొలత, ఒకే ఎత్తులో, సెంటీమీటర్లలో. మోకాలు ఎంత వంగుతోంది, పూర్తిగా చాపగలుగుతున్నారా. కాలి పొడవులో తేడా. ఎక్స్‌రేలో మోకాలి చిప్ప అతుకు ఎలా ఉంది, అరుగుదల మొదలైందా. రాడ్డు తీయాలా, తీస్తే ఎప్పుడు, ఖర్చు ఎంత. వైకల్యం కాలికి ఎంత, ఒంటికి మొత్తం ఎంత. వాయిదాకు వారం ముందు కొత్తగా కొలిపించండి, పాత అంకెలతో వెళ్లకండి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మాత్ర విషయం డాక్టరును అడగమనండి, కిడ్నీలకు ఇబ్బంది తక్కువగా ఉండే మందులు ఉన్నాయి, రాత్రి నిద్ర పోవాలి కదా.